డాక్టర్ జాకిర్ హుసేన్ గారు – ఇల్లూ బడీ కలిసి తీర్చిన జీవితం

డాక్టర్ జాకిర్ హుసేన్ గారి పేరు వినని ఇల్లు మనలో లేదు. భారతదేశానికి మూడవ రాష్ట్రపతి అని, ఆ పదవి నలంకరించిన మొదటి ముస్లిం అని పిల్లలు సైతం చెప్పగలరు. అయితే ఆయన రాష్ట్రపతిగా ఉన్నది రెండేళ్లకు పదిరోజులు తక్కువ. 1967 మే 13న పదవి స్వీకరించారు, 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. అంతకుముందు ఇరవై రెండేళ్లపాటు ఒకే విద్యాసంస్థను నెత్తిన పెట్టుకుని మోశారు. చిన్నపిల్లల బడి ఎట్లా ఉండాలి, అందులో తల్లిదండ్రుల పాలు ఎంత అన్న ప్రశ్నను ఆయన బతికినన్నాళ్లూ వదల్లేదు. ఈ వార్షిక సంచికలో మేము చెప్పబూనింది ఆ ఉపాధ్యాయుని కథ. మన అత్తాపూర్ తల్లిదండ్రులకు రాష్ట్రపతి కన్నా ఆ ఉపాధ్యాయుడితోనే ఎక్కువ పని ఉన్నదని మా నమ్మకం.

బేగంబజార్‌లో పుట్టిన బిడ్డ

జాకిర్ హుసేన్ గారు మన హైదరాబాద్ బిడ్డే. మన అత్తాపూర్ పక్కనుంచి పారే మూసీనది పురానాపూల్ దాటి కొంచెం ముందుకు పోతే ఎడమ ఒడ్డున బేగంబజార్ వస్తుంది. అక్కడ 1897 ఫిబ్రవరి 8న ఆయన జన్మించారు. వారి పూర్వీకులు అఫ్రీదీ పఠానులు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్ వారి సొంత ఊరు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ గారు బతుకుతెరువు వెతుక్కుంటూ హైదరాబాద్ వచ్చి, వకీలుగా మంచి పేరు తెచ్చుకున్నారు. తల్లి నాజ్నీన్ బేగం. ఏడుగురు అన్నదమ్ములలో జాకిర్ మూడవవాడు.

ఆ ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు. పిల్లలకు ఖురాన్, ఉర్దూ, ఫార్సీ మొదటి పాఠాలు ఇక్కడే, ఈ నగరంలోనే అయినాయి. కాని ఆ సుఖం ఎక్కువకాలం నిలువలేదు. 1907లో తండ్రి చిన్న వయసులోనే పోయారు. అప్పటికి జాకిర్‌కు పదేళ్లు. తల్లి పిల్లలను వెంటబెట్టుకుని ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్లింది. మరుసటి సంవత్సరమే, 1908 సెప్టెంబరులో, మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. అప్పటికే వారి కాపురం ఇక్కడ లేదు.

ఇక్కడ మన తల్లులు ఒక విషయం గమనించాలి. భర్త పోయిన ఆ ఇల్లాలు పిల్లలను కొంగుకు కట్టుకుని కూర్చోలేదు. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలుకు, హాస్టల్ చదువుకు పంపింది. ఆ బడి హెడ్‌మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుసేన్ గారు కఠినమైన నియమం గలవారు, పిల్లలంటే ప్రాణం పెట్టేవారు. ఇంట్లో తల్లి పట్టుదల, బడిలో గురువు శ్రద్ధ – ఈ రెండూ జతకలిసిన చోట జాకిర్ ఎదిగాడు. 1911లో ప్లేగు వచ్చి తల్లినీ తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీ తండ్రీ లేని పిల్లవాడైనాడు. ఐనా చదువు ఆగలేదు. ఆగకపోవడానికి కారణం ఆ తల్లి వేసిపోయిన పునాది, ఆ గురువు పట్టుకున్న చెయ్యి.

సెలవుల్లో ఖాయంగంజ్ వచ్చినప్పుడు హసన్ షా అనే ఒక సూఫీతో ఆ బాలుడికి సహవాసం దొరికింది. ఆయన పుస్తకాలంటే పడిచచ్చే మనిషి. కొనలేని పుస్తకాలను చేతిరాతతో నకలు తీయించుకునేవారు. ఆ నకలు పని జాకిర్ చేతికి వచ్చింది. పుస్తకం పట్ల ఆయనకు కడదాకా నిలిచిన ప్రేమ, అందమైన చేతిరాత మీద మోజు – వీటి మొదలు అక్కడ ఉన్నది. పిల్లవాడికి బడి ఒక్కటే బడి కాదు. ఇల్లు, వీధి, ఊళ్లో ఒక మంచి పెద్దమనిషి – అన్నీ బడులే.

జామియా పుట్టుక, బెర్లిన్ చదువు

1913లో ఆయన అలీగఢ్ కాలేజీలో చేరారు. డాక్టరు కావాలని కొంతకాలం లక్నోలో సైన్సు చదివారు గాని, జబ్బుపడి ఆ దారి వదిలి మళ్లీ అలీగఢ్‌కే వచ్చారు. 1915లో, పద్దెనిమిదో ఏట, షాజహాన్ బేగం గారితో పెళ్లయింది. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, సర్కారు సహాయంతో నడిచే విద్యాలయాలను వదలిరండని విద్యార్థులను పిలిచారు. ఆ పిలుపుకు కాలేజీ వదిలి బయటకు వచ్చిన యువకులలో జాకిర్ హుసేన్ గారు ముందున్నారు. అట్లా 1920 అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. అప్పటికి ఆయన వయసు ఇరవైమూడు.

1922లో పై చదువుకు జర్మనీ వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో, మన దేశ వ్యవసాయం మీద పరిశోధన చేసి 1926లో డాక్టరేటు పొందారు. అయితే ఆయన అక్కడ నేర్చుకున్నది డిగ్రీ ఒక్కటే కాదు. బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సులో మీర్జా గాలిబ్ దీవాన్‌ను అచ్చువేయించే పనిలో, తానే నిలబడి అక్షరాలు కూర్చడం నేర్చుకున్నారు. డాక్టరేటుకు చదువుతున్న మనిషి చేతివేళ్లకు సిరా పూసుకుని కంపోజింగ్ నేర్చుకున్నాడంటే, పనిని ఆయన ఎంత గౌరవించారో మనకు తెలుస్తుంది. కెర్షెన్‌స్టైనర్ అనే జర్మన్ విద్యావేత్త, చేతిపని ద్వారా పిల్లలకు బుద్ధీ శీలమూ రెండూ అబ్బుతాయని చూపినవాడు. ఆయన భావాలు జాకిర్ గారి మనసులో గట్టిగా నాటుకున్నాయి.

మూతపడబోయిన బడి

ఆయన జర్మనీలో ఉండగానే జామియా పరిస్థితి దిగజారింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడి చందాలు తగ్గాయి. మూసివేద్దామన్న మాట కూడా పెద్దల నోట వచ్చింది. జాకిర్ హుసేన్ గారు, ఆయన మిత్రులు ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ గార్లు తాము వచ్చి పనిచేస్తామని, అంతదాకా మూయవద్దని జర్మనీ నుంచి కబురు పంపారు. హకీమ్ అజ్మల్ ఖాన్ సాహెబ్ అండతో సంస్థ 1925లో అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారింది. 1926లో ముగ్గురూ తిరిగివచ్చారు. ఇరవైతొమ్మిదేళ్ల జాకిర్ గారు షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్ అయ్యారు.

వచ్చి రెండేళ్లు కాకముందే, 1927 డిసెంబరులో, అజ్మల్ ఖాన్ సాహెబ్ పరమపదించారు. డబ్బు తెచ్చే చెయ్యి పోయింది. అప్పుడు జాకిర్ గారు, తోటి ఉపాధ్యాయులు కలిసి ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్లపాటు జామియాను విడిచిపోము, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోము అని దాని సారాంశం. యూరప్‌లో చదివివచ్చిన మనుషులు వేరేచోట చేరితే దానికి ఎన్నో రెట్లు వచ్చేది. తర్వాత హందర్దానె జామియా అనే పథకం పెట్టి సామాన్య జనం నుంచి చిన్న చిన్న చందాలు పోగుచేశారు. ఒక నవాబు ఇచ్చే వేయి రూపాయల కంటే వేయిమంది ఇచ్చే ఒక్కో రూపాయి బడికి బలమని ఆ పథకం రుజువు చేసింది. ఎందుకంటే రూపాయి ఇచ్చినవాడు బడి సంగతి అడుగుతాడు, తన పిల్లవాణ్ణి పంపుతాడు, బడిని తనదనుకుంటాడు.

పిల్లలే నడిపిన బ్యాంకు, దుకాణం

జామియాలో కాలేజీ ఉన్నది, పెద్ద పండితులూ ఉన్నారు. కాని జాకిర్ గారి ప్రాణమంతా ప్రాథమిక పాఠశాల మీద ఉండేది. అక్కడ అబ్దుల్ గఫార్ ముధోలీ వంటి ఉపాధ్యాయులు కొత్త పద్ధతులు ప్రవేశపెట్టారు. పిల్లలకు ఒక బ్యాంకు. పిల్లలే గుమాస్తాలు, పిల్లలే ఖాతాదారులు. ఒక దుకాణం, కోళ్ల పెంపకం, తోటపని. లెక్కలు పలకమీద చచ్చిన అంకెలుగా కాక, దుకాణం జమాఖర్చులో బతికిన అంకెలుగా వచ్చేవి. కోడి ఎన్ని గుడ్లు పెట్టింది, దాణాకు ఎంత ఖర్చయింది, మిగిలింది ఎంత – ఇది తేల్చుకున్న పిల్లవాడికి కూడిక, తీసివేత ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. అవసరం తానే నేర్పుతుంది. ఇట్లా నేర్చినవాడు పరీక్ష అయిపోగానే పుస్తకం అటకెక్కించడు.

జర్మనీ నుంచి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ వచ్చి ఈ చిన్నపిల్లల నడుమ పనిచేసింది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అన్నారు. 1943లో ఆమె మరణించగా జామియా శ్మశానవాటికలోనే సమాధి చేశారు. మతం వేరు, దేశం వేరు, భాష వేరు. ఐనా పసిపిల్లల మీది ప్రేమ ఆమెను మన బడిమనిషిని చేసింది.

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా కొత్త కట్టడానికి శంకుస్థాపన జరిగింది. అటువంటి వేళ ఎవరో ఒక మంత్రినో నవాబునో పిలవడం రివాజు. జాకిర్ గారు మాత్రం ఆ పునాదిరాయి బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత పెట్టించారు. బడి ఎవరికోసమో ఆ ఒక్క పనితో ఊరందరికీ తెలిసిపోయింది.

పిల్లలు శుభ్రంగా రావాలని, బూట్లు తుడుచుకుని రావాలని ఎంత చెప్పినా వినకపోతే, ఒకనాడు షేఖుల్ జామియా గారే గేటు దగ్గర బ్రష్షు, పాలిష్ పట్టుకుని కూర్చున్నారని జామియాలో నేటికీ చెప్పుకుంటారు. తిట్టు లేదు, దెబ్బ లేదు. మరునాటి నుంచి బూట్లు మెరిసినాయట. అబద్ధం ఆడొద్దని చెబుతూ, గుమ్మంలో ఎవరో పిలిస్తే ఇంట్లో లేనని పిల్లవాడి చేతనే చెప్పించే మనం ఈ ముచ్చట కొంచెం మనసుపెట్టి వినాలి.

ఇంకొక సంగతి చెప్పాలంటే మనసు బరువవుతుంది. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయి పంచుతున్న వేళ, ఆయన చిన్నారి కూతురు రెహానా చనిపోయిందని కబురు వచ్చింది. మొహం పాలిపోయింది గాని, పంచడం ఆపలేదు. పిల్లల సంతోషం మధ్యలో తెగిపోకూడదని, అంతా అయినాకనే ఇంటికి వెళ్లారు. ఇది అందరం అనుసరించవలసిన నియమమని మేము అనము. ఆ తల్లి షాజహాన్ బేగం గారు ఆ గడియలు ఎట్లా గడిపిందో తలుచుకుంటే అట్లా అనలేము కూడా. ఒక మనిషి బడికి ఎంత ఇచ్చాడు, ఆయన ఇల్లు ఎంత మోసింది అన్నది మాత్రం దీనివల్ల తెలుస్తుంది. తర్వాత పిల్లలకోసం కథలు రాసినప్పుడు ఆయన తన పేరు పెట్టుకోలేదు. రుఖయ్యా రెహానా అనే పేరు పెట్టారు. అబ్బూఖాన్ మేక కథ అట్లా వచ్చిందే. స్వేచ్ఛ కోసం కొండ ఎక్కి, రాత్రంతా తోడేలుతో పోరాడిన చాందినీ అనే మేక కథ అది. ఉర్దూ చదివే ఎన్నో ఇళ్లలో తరతరాల పిల్లలు ఆ కథ విన్నారు.

వార్ధా పథకం, దాని మీద వచ్చిన రభస

1937 అక్టోబరు 22, 23 తేదీలలో గాంధీజీ వార్ధాలో విద్యావేత్తల సభ జరిపారు. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ అన్ని పాఠాలు – ఇదీ ఆలోచన. దీనికి రూపం ఇచ్చే సంఘానికి జాకిర్ హుసేన్ గారే అధ్యక్షులు. డిసెంబరు 2వ తేదీకల్లా నివేదిక ఇచ్చారు. 1938లో ఏర్పడిన హిందుస్తానీ తాలీమీ సంఘానికీ ఆయనే అధ్యక్షులైనారు. అదే ఏడు జామియాలో ఉపాధ్యాయుల శిక్షణకు ఉస్తాదోంకా మద్రసా తెరిచారు. ఉపాధ్యాయుణ్ణి తయారు చేయకుండా బడిని మార్చలేమని ఆయనకు బాగా తెలుసు.

బడిఖర్చు పిల్లల చేతిపనితోనే రావాలని గాంధీజీ ఆశించారు. జాకిర్ గారు గాంధీజీని ఎంతో గౌరవించారు గాని, ఈ విషయంలో తలూపి ఊరుకోలేదు. అమ్మకం మీదనే దృష్టి పెడితే బడి కార్ఖానా అవుతుంది, ఉపాధ్యాయుడు పిల్లలను పనిలోకి తోలే మేస్త్రీ అవుతాడు అని హెచ్చరించారు. చేతిపని చదువుకోసం, చదువు చేతిపనికోసం కాదు అన్నది ఆయన భావం. మరోవైపు ముస్లింలీగ్ వారు ఈ పథకంలో మతబోధకు చోటు లేదని గట్టిగా విమర్శించారు. సొంతవాళ్ల నిష్ఠూరాలు పడ్డారు. ఐనా పట్టు విడువలేదు. స్వాతంత్ర్యం వచ్చినాక ఈ విద్య చాలాచోట్ల పేరుకు మాత్రమే మిగిలి, పిల్లలు రాట్నం తిప్పడం ఒక తంతుగా మారినప్పుడు, తాను పెంచిన పథకమని కప్పిపుచ్చక, జరుగుతున్నది సరిగా లేదని బాహాటంగా చెప్పినవారూ ఆయనే.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం రెండుగా చీలబోయే రోజులు. జవహర్‌లాల్ నెహ్రూ, జిన్నా, మౌలానా ఆజాద్ గార్లను ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, ఊళ్లు తగలబడుతుంటే పిల్లల చదువు ఎట్లా సాగుతుంది, ఈ మంట ఆర్పండని వేడుకున్నారు. ఆ మంట ఆరలేదు. 1947లో కాశ్మీరు పోతూ జలంధర్ స్టేషనులో ఆయనే అల్లరిమూకల చేతిలో పడబోయారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు. తిరిగివచ్చి ఆయన ద్వేషం పెంచుకోలేదు. బడి పనిలోనే పడ్డారు.

కడవరకు విద్యార్థి

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా వెళ్లి 1956 దాకా దాన్ని నిలబెట్టారు. 1957 నుంచి 1962 వరకు బీహార్ గవర్నరు, తర్వాత ఐదేళ్లు ఉపరాష్ట్రపతి. 1963లో భారతరత్న వచ్చింది. పదవులు పెరిగినా నేర్చుకోవడం ఆగలేదు. గులాబీలు పెంచారు, ఏ మొక్కకు ఏ అంటు, ఏ మట్టి అని తోటమాలులతో చర్చించేవారు. రకరకాల రాళ్లు, శిలాజాలు పోగుచేసి వాటి శాస్త్రం చదివారు. ప్లేటో రిపబ్లిక్ గ్రంథాన్ని ఉర్దూలోకి తెచ్చారు. చండీగఢ్‌లోని గులాబీ తోటకు ఆయన పేరు పెట్టడం ఊరికే కాదు. జీవితాంతం విద్యార్థిగా ఉండడం అంటే డిగ్రీలు కుప్పవేయడం కాదు, కొత్త విషయం కనబడితే ఆగి చూడాలనిపించడం. ఆ ఆసక్తి పదేళ్లలోపే పడాలి. ఇల్లూ బడీ రెండూ కలిసి వేయాలి. ఆయన భౌతికకాయం నేడు జామియా ఆవరణలో, తాను పెంచిన బడి పక్కనే విశ్రమించి ఉన్నది.

మనం చేయవలసింది

ఇంత కథ చెప్పి ఊరుకుంటే ఫలం లేదు. మన అత్తాపూర్ నేడు పెద్ద పేట అయింది. నెత్తిమీద 2009లో వచ్చిన పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే, దాని స్తంభం నంబరు చెబితే గాని ఇల్లు చెప్పలేని రోజులు. శంషాబాద్ విమానాశ్రయానికి పోయే కార్లు మన తలల మీదుగా పోతుంటాయి. కింద మన పిల్లలు ఏమి చదువుతున్నారు? పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్, రాత్రి చేతిలో ఫోను. ఫీజు కట్టాము గదా, ఇక పని బడివాళ్లదే అని మనం. ఇంట్లో చూసుకోకపోతే మేమేం చేస్తామని బడివాళ్లు. ఇద్దరి మధ్యా పిల్లవాడు జారిపోతున్నాడు. పదో తరగతి తప్పగానే ఏదో షాపులో పెట్టేస్తే, వాడు మళ్లీ పుస్తకం ముట్టడు. తప్పింది పరీక్ష ఒక్కటే అయితే ఫరవాలేదు, మళ్లీ రాయవచ్చు. నేర్చుకోవాలన్న కోరికే చచ్చిపోతే అది తీరని నష్టం.

2010 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యులలో సగంమంది స్త్రీలు కావాలి. ఆ కుర్చీలు మనకోసమే ఉన్నాయి. సంతకం పెట్టి రావడానికి కాదు, నోరు తెరిచి అడగడానికి వెళ్లాలి. మార్కులు ఎన్ని అన్న ప్రశ్న తర్వాత అడగవచ్చు. ముందుగా, మా పిల్లవాడు తరగతిలో ప్రశ్నలు అడుగుతున్నాడా, బడిలో కథల పుస్తకాలు పిల్లల చేతికి వస్తున్నాయా, బీరువాలో తాళం కింద ఉన్నాయా అని అడుగుదాం. ప్రైవేటు బడి అయినా నెలకొకసారి ఉస్తాదును కలిసి మాట్లాడడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

ఇంట్లో చేయవలసినవి ఇంకా తేలిక. చదువురాని అమ్మీ కూడా సాయంత్రం బిడ్డను కూర్చోబెట్టుకుని, ఈరోజు బడిలో ఏమి చెప్పారో నాకు చెప్పు అనవచ్చు. చెప్పేటప్పుడు బిడ్డకు ఆ పాఠం రెండోసారి వస్తుంది. కిరాణా చీటీ పిల్లవాడి చేత రాయించండి, చిల్లర లెక్క వాడి చేతనే చూపించండి. జామియా పిల్లల దుకాణం మన ఇంట్లోనే తెరిచినట్లు. ఉర్దూ అయినా తెలుగు అయినా ఇంట్లో మాట్లాడే భాషలో ఒక కథ చెప్పండి. పది పుస్తకాలకు ఒక అర కేటాయించండి. అబ్బా చేతిలో రోజూ ఒక పావుగంట పత్రిక కనబడితే, చదువుకోరా అని వందసార్లు అనే పని తప్పుతుంది. ఆడపిల్ల మగపిల్లవాడు అనే తేడా ఇక్కడ వద్దు. ఒక వితంతువు పట్టుదల లేకపోతే మనకు జాకిర్ హుసేన్ గారు దక్కేవారు కాదని మరువవద్దు.

మన సంఘం చందాలు పోగుచేసి ఫీజులు కట్టడం, పుస్తకాలు పంచడం మంచిదే. దానితోపాటు ఏడాదికొకసారి పిల్లలు తాము చేసిన పనులు, బొమ్మలు, రాతలు పెద్దలకు చూపించే చిన్న మేళా ఒకటి జరుపుకుంటే బాగుంటుందని మేము సభ్యులందరికీ మనవి చేస్తున్నాము. జామియాలో తాలీమీ మేళా పేరుతో వ్యవస్థాపక దినాన జరుపుకునే పండుగ అటువంటిదే. ఆరోజు పిల్లలు చెబుతారు, మనం వింటాము. మొదటి మేళా ప్రారంభం ఎవరి చేత అని ఆలోచించే పని కూడా లేదు. మన పిల్లలలో అందరికన్నా చిన్నవాళ్లు ఎవరో చూసుకుంటే చాలు.